గోదావరి జిల్లాల్లో వందమందితో పెళ్లి, వెంటనే విదేశీ హనీమూన్: ఏ పని ముందు, ఏది తర్వాత

పెళ్లికి ముహూర్తం పంతులుగారు పెడతారు. హనీమూన్‌కి తేదీ ట్రావెల్ ఏజెంట్ పెడతాడు. వీళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు కాబట్టి చిక్కులు చాలావరకు అక్కడే మొదలవుతాయి. టికెట్లు కొన్నాక ఆషాఢం అడ్డొస్తుంది, వీసా కేంద్రంలో వేలిముద్రలు ఇవ్వాల్సిన రోజుకి అమ్మాయి చేతులనిండా గోరింటాకు ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ అని పెళ్లి వారం రోజుల్లోకి వచ్చాక తెలుస్తుంది. అందుకే రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం లాంటి ఊళ్లలో వంద మందితో పెళ్లి చేసుకుని బయటి దేశం వెళ్లాలనుకునే జంటకి పనుల వరుస ఇక్కడ రాస్తున్నాం.

ముహూర్తం పెట్టుకునే రోజున

పంచాంగం పక్కనే మామూలు క్యాలెండరు, ఇద్దరి పాస్‌పోర్టులు, ఆఫీసు సెలవుల లెక్క పెట్టుకుని కూర్చోండి. కనీసం నాలుగు నెలల వ్యవధి ఉంటే పనులన్నీ స్థిమితంగా అవుతాయి. యూరప్ వెళ్లాలనుకుంటే ఆరు నెలలు ఉండాలి.

ముందుగా మన ఆచారాలు ప్రయాణానికి ఎక్కడెక్కడ తగులుతాయో చూసుకోండి. జ్యేష్ఠంలో పెళ్లయితే ఆషాఢం ఎంతో దూరంలో ఉండదు. ఆ నెల అమ్మాయి పుట్టింటికి వెళ్లాలి, అత్తా కోడలూ ఒక గడప దాటకూడదు అని పట్టింపు ఉన్న ఇళ్లు ఇక్కడ ఇంకా చాలా ఉన్నాయి. ఆషాఢంలో జంటగా విదేశం వెళ్తామంటే కొందరు పెద్దలు ఒప్పుకుంటారు, కొందరు బాధపడతారు. టికెట్టు కొనకముందే అడగండి, కొన్నాక అడిగితే అది అడిగినట్టు కాదు. శ్రావణంలో పెళ్లయినా, ప్రయాణాన్ని శ్రావణానికి జరిపినా మంగళగౌరీ నోములు గుర్తుంచుకోండి. పెళ్లయిన మొదటి ఏడాది ఆ నెలలో ప్రతి మంగళవారం నోము ఉంటుంది. బుధవారం బయల్దేరి సోమవారం రాత్రికి తిరిగొచ్చేలా పెట్టుకుంటే ఏ గొడవా ఉండదు, పట్టింపు లేని ఇంట్లో మీ ఇష్టం. ఇక మొదటి సంక్రాంతికి కొత్త అల్లుడు అత్తారింట్లో లేకపోవడం గోదావరి జిల్లాల్లో ఎవరూ తేలిగ్గా తీసుకోరు. పైగా ఆ వారం రైళ్లకీ విమానాలకీ రద్దీ. జనవరి 10 నుంచి 17 దాకా వదిలేయండి.

2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం కాబట్టి ఆ రోజుల్లో పెళ్లి ముహూర్తాలు ఉండవు. 2027లో గోదావరి పుష్కరాలు. ఆ పన్నెండు రోజులకి అటూ ఇటూ రాజమండ్రి, కొవ్వూరుల్లో గదులూ రైలు బెర్తులూ దొరకడం కష్టం.

పెళ్లికీ విమానానికీ మధ్య ఎన్ని రోజులు ఉండాలి? మన ముహూర్తాలు తరచు అర్ధరాత్రో తెల్లవారుజామునో పడతాయి. ఆ మర్నాడు అప్పగింతలు, గృహప్రవేశం, ఆపైన సత్యనారాయణ వ్రతం, రిసెప్షన్. మూడు రాత్రులు సరిగా నిద్రపోని మనుషులు నాలుగో రోజున విమానం ఎక్కితే హనీమూన్‌లో మొదటి రెండు రోజులు జ్వరంతోనో నిద్రతోనో పోతాయి. మా సలహా ఏమిటంటే పదహారు రోజుల పండగ అయ్యాక, అంటే పెళ్లయిన 18, 20 రోజులకి బయల్దేరండి. ఆలోగా రిజిస్ట్రేషన్ అయిపోతుంది, సూత్రాలు ఒకచోట గుచ్చి నల్లపూసలు వేయడం అయిపోతుంది. సెలవు ఒక్కసారే దొరుకుతుందంటే ఆరో రోజుకంటే ముందు వద్దు. పదహారు రోజుల పండగని బేసి రోజు చూసి తొందరగా చేసేయమని ముందే అడిగితే చాలా ఇళ్లలో ఒప్పుకుంటారు.

ఆ నెలలో ఎక్కడ వాన, ఎక్కడ ఎండ అన్నది తర్వాత చూడండి. మాఘ, ఫాల్గుణాల్లో పెళ్లయితే థాయ్‌లాండ్‌లో పుకెట్, క్రాబీ, ఇంకా మాల్దీవులు, శ్రీలంక దక్షిణ తీరం బాగుంటాయి. బాలీలో మార్చి దాకా వానలు, పైగా మార్చిలో వచ్చే న్యేపి పండగనాడు అక్కడి విమానాశ్రయం 24 గంటలు మూసేస్తారు. వైశాఖ, జ్యేష్ఠాలకి బాలీ, మారిషస్, వియత్నాంలో దనాంగ్ సరైనవి. అప్పుడు పుకెట్ వైపు సముద్రం అల్లకల్లోలంగా ఉండి దీవులకి వెళ్లే పడవలు ఆగిపోతుంటాయి, చవగ్గా దొరికే ప్యాకేజీలు ఎక్కువగా ఆ నెలలవే. శ్రావణానికి బాలీ, థాయ్‌లాండ్‌లోనే కో సముయ్, శ్రీలంక తూర్పున ట్రింకోమలీ. కార్తీక, మార్గశిరాల్లో పుకెట్ మళ్లీ తేరుకుంటుంది. అదే సమయంలో కో సముయ్‌లోనూ, వియత్నాంలో హోయాన్ దగ్గరా భారీ వానలు. మన తీరానికి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల కాలం కాబట్టి ఆ నెలల్లో మార్చుకోవడానికి వీలున్న టికెట్లే కొనండి.

పాస్‌పోర్టులు: పెళ్లి పనులకంటే ముందు

1. గడువు చూడండి. తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా ఆరు నెలలు ఉండాలి. కనీసం రెండు ఖాళీ పేజీలు ఉండాలి.

2. ఇంటిపేరు గడి చూడండి. మనవాళ్ల సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక అక్షరంగా ముందుంటుంది, పాస్‌పోర్టులో మాత్రం పూర్తిగా ఉండాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరు గడిలో ఒక్క పదమే ఉన్న పాస్‌పోర్టుకి యూఏఈ సందర్శక వీసా విషయంలో 2022 నవంబర్ నుంచి అభ్యంతరం పెడుతోంది. దుబాయ్ వెళ్లే ఆలోచన ఉంటే ముందే సరిచేయించుకోండి.

3. పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, పాస్‌పోర్టు మూడింటిలోనూ పేరు స్పెల్లింగు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా చూడండి. లక్ష్మి చివర ఒక అక్షరం తేడా ఉన్నా రిజిస్ట్రేషన్ దగ్గర ఒకసారి, వీసా దగ్గర ఒకసారి ఆపుతుంది.

4. అమ్మాయి ఇంటిపేరు ఇప్పుడు మార్చకండి. మార్చి తీరాలని చట్టంలో లేదు. పాస్‌పోర్టు ఒక పేరుతో, టికెట్టు ఇంకో పేరుతో ఉంటే విమానం ఎక్కనివ్వరు. హనీమూన్ అంతా పాత పాస్‌పోర్టు మీద, పాత పేరుతోనే కానివ్వండి.

కొత్త పాస్‌పోర్టుకి 36 పేజీలదైతే 1,500 రూపాయలు, తత్కాల్‌కి మరో 2,000. భీమవరంలో పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది, కొన్ని హెడ్ పోస్టాఫీసుల్లో కూడా కేంద్రాలు నడుస్తున్నాయి. పోలీసు విచారణ దరఖాస్తులో రాసిన ప్రస్తుత చిరునామాకి వస్తుంది. ఉద్యోగం హైదరాబాద్‌లో చేస్తూ దరఖాస్తులో కొత్తపేట చిరునామా రాస్తే ఆ రోజు ఊళ్లో ఉండాలి.

వందమందిని వందమందిగానే ఉంచడం

చిన్న పెళ్లి పెద్దదైపోవడానికి కారణం చాలాసార్లు శుభలేఖలో ఉన్న ఒక్క వాక్యం. ‘సకుటుంబ సపరివార సమేతంగా’ అని అచ్చువేసి ఇంటికి ఒక్కరే వస్తారనుకుంటే కుదరదు. ఆ మాట తీసేసి, శుభలేఖ మీద పేర్లు రాయండి. ఎవరెవరు రావాలో వాళ్ల పేర్లే. మనవైపు బొట్టుపెట్టి పిలవడం అంటే ఆ ఇంటిల్లిపాదినీ పిలిచినట్టు లెక్క, కాబట్టి బొట్టుపెట్టి పిలిచే ఇళ్లు ఎన్నో ఇరువైపులా పెద్దలు ముందే కాగితం మీద రాసుకోవాలి. చెరో 40 మంది, జంట స్నేహితులు 20 మంది అని విడదీస్తే పేచీ తక్కువ. మిగతా బంధువులకి పెళ్లయ్యాక ఇంటికెళ్లి తాంబూలం ఇచ్చి రండి. పిలవలేదన్న బాధకంటే ‘వాళ్లని పిలిచి మమ్మల్ని పిలవలేదు’ అన్న బాధ పెద్దది. అందుకని గీత ఒకేచోట గీయండి: పెదనాన్న, చిన్నాన్న, మేనమామ, మేనత్త వరకే అంటే ఇరువైపులా అంతవరకే.

వాట్సాప్ కార్డు ఒకటే చాలనుకోకండి. కనీసం పాతిక శుభలేఖలు అచ్చువేయించండి. పెళ్లి రిజిస్ట్రేషన్‌కి అచ్చు శుభలేఖ అడుగుతారు.

హాలు, హోమం

చోటుకి మూడు దారులున్నాయి. అన్నవరం, ద్వారకా తిరుమల లాంటి క్షేత్రాల్లో పెళ్లి చేసుకుంటే సంఖ్య దానంతటదే తగ్గుతుంది, అన్నవరంలో అయితే వ్రతం కూడా అక్కడే అయిపోతుంది. కల్యాణమండపం అయితే వంటశాల, విడిది గదులు కలిసి వస్తాయి కానీ వంద మందికి అది బోసిగా కనిపిస్తుంది. హోటల్లోని ఏసీ బాంక్వెట్ హాలు సరిపోతుంది గాని కొన్ని విషయాలు అడ్వాన్సు ఇవ్వకముందే అడగాలి.

హోమం చేసుకోనిస్తారా? పైకప్పుకి పొగ పసిగట్టే యంత్రాలుంటే అలారం మోగుతుంది, కొన్నిచోట్ల నీళ్లు కూడా చిమ్ముతాయి. ఆ రెండు గంటలు వాటిని ఆపే మనిషి ముహూర్తం వేళకి అక్కడే ఉండాలి. రాత్రి రెండింటికి ఆ మనిషి ఉండడు, కాబట్టి పేరు, ఫోను నంబరు రాయించుకోండి. ఇనుప హోమగుండం కింద రెండు వరసల ఇటుకలు, వాటిమీద ఇసుక వేయించండి. లేకపోతే వేడికి నేల పలకలు పగులుతాయి, ఆ ఖర్చు మీ బిల్లులో వేస్తారు. పందిట్లో పైన కట్టే గుడ్డలకీ సింథటిక్ పరదాలకీ నిప్పు దూరంగా ఉండేలా డెకరేషన్ వాళ్లకి ముందే చెప్పండి.

హాలు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా? తెల్లవారుజామున 4 గంటలకి ముహూర్తమైతే రెండు రోజుల అద్దె వేసేవాళ్లున్నారు. జనరేటరు డీజిలు ఎవరిది? రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు కాబట్టి సన్నాయి మేళం మైకు లేకుండా లోపలే వాయించాలి. చిన్న హాల్లో మేళానికి మైకు అక్కర్లేదు కూడా.

పూలు కడియం దగ్గర కడియపులంకలో టోకుగా తెచ్చుకుంటే బాగా కలిసొస్తుంది. బంతి, చామంతి ముందురోజు సాయంత్రం, మల్లెలు ఆ రోజు ఉదయమే. దండలు, పూలజడ, కొబ్బరిబొండాం అలంకరణ చేసే మనిషికి ముహూర్తం టైము కాకుండా గౌరీపూజ టైము చెప్పండి. బొండాం అప్పటికే అమ్మాయి చేతిలో ఉండాలి.

సామాన్ల జాబితా పంతులుగారే ఇస్తారు. అందులో తరచు మరిచిపోయేవి: అడ్డుతెర, మధుపర్కాలు, కాశీయాత్రకి గొడుగు, చెప్పులు, సన్నికల్లు, మెట్టెలు, హోమానికి కిలో ఆవు నెయ్యి. జీలకర్ర, బెల్లం ముహూర్తానికి పది నిమిషాల ముందు నూరండి, ముందే నూరితే నీరుకారి నుదుటి మీదకి జారుతుంది. తలంబ్రాల బియ్యానికి పసుపు, నెయ్యి పట్టించి గంటసేపు ఆరబెడితే ముద్దకట్టవు, బట్టలకీ అంటవు.

భోజనం: వందమందికి లెక్క

చిన్న పెళ్లిలో జనం భోజనాన్నే గుర్తుపెట్టుకుంటారు. రకాలు తగ్గించి, ఉన్నవి బాగా చేయించండి. పాతిక రకాలున్న బఫేకన్నా అరిటాకులో పన్నెండు రకాలు కొసరి వడ్డించడం మేలు, పారేసేదీ తగ్గుతుంది. కింద చెప్పినవి వంట మేస్త్రికి మీరు కొని ఇచ్చే లెక్కలు. క్యాటరింగ్‌కి ఇచ్చినా ఈ లెక్క దగ్గరుంటే ప్లేటు ధరలో ఏముందో తెలుస్తుంది.

అన్నానికి బియ్యం 10 కిలోలు, పులిహోరకి విడిగా 3 కిలోలు. మామిడికాయ పప్పుకి కందిపప్పు 3 కిలోలు. గుత్తివంకాయకి చిన్న వంకాయలు 8 కిలోలు, అంటే మనిషికి రెండు. పనసపొట్టు కూరకి కొట్టిన పొట్టు 5 కిలోలు. పెరుగుకి 12 లీటర్ల పాలు, మజ్జిగపులుసుకి మరో 4 లీటర్లు. నెయ్యి కిలోన్నర. అరిటాకులు 115, రావులపాలెం వైపు నుంచి ముందురోజు రాత్రి దించుకుని తడిగోనె కప్పి ఉంచండి. మంచినీళ్లు 20 లీటర్ల టిన్నులు పది, వేసవిలో పదిహేను.

పూర్ణం బూరెలు మనిషికి రెండు, పైన పాతిక. కిలో పచ్చిశనగపప్పుకి కిలో బెల్లం వేస్తే 75 దాకా బూరెలు వస్తాయి, కాబట్టి 3 కిలోలు చాలు. తోపు పిండికి ఒక పాలు మినప్పప్పు, రెండు పాళ్లు బియ్యం, నాలుగు గంటలు నానాలి. బూరె నూనెలో విచ్చుకుపోయిందంటే మూడింటిలో ఒకటి కారణం: పప్పు నీళ్లు సరిగా వార్చకపోవడం, తోపు పల్చగా ఉండడం, నూనె కాగకముందే వేయడం. పూర్ణం ముందురోజు రాత్రే ఉండలు చుట్టి పెట్టుకోవచ్చు, వేయించడం మాత్రం పంక్తి కూర్చునే గంట ముందే.

పనసపొట్టులోనైనా కంద బచ్చలిలోనైనా ఆవ పెట్టేది కూర దించి చల్లారాకే. పొయ్యి మీద కలిపితే చేదెక్కుతుంది, ఆ చేదుని ఇక ఏదీ విరవలేదు. కంద గొంతు దురద పెట్టకుండా ఉండాలంటే చింతపండు పులుసులో పూర్తిగా మెత్తబడాలి. తొందరలో దించేసే వంటవాళ్లుంటారు, ఒక ముక్క తిని చూడండి.

యాభై మంది బంతికి వడ్డించేవాళ్లు ఆరుగురు ఉండాలి. నలుగురైతే నెయ్యి వచ్చేసరికి పప్పన్నం అయిపోతుంది. ముహూర్తం అర్ధరాత్రయితే భోజనాలు 8 గంటలకే మొదలెట్టండి. తెల్లవారాక టిఫిను వందమందికి వద్దు, రాత్రంతా ఉండేది మూడో వంతే.

మర్నాడు రిసెప్షన్‌లో మాంసాహారం పెడితే వందమందికి చికెన్ 20 కిలోలు. రొయ్యలు తప్పనిసరైతే తెచ్చిన దగ్గర్నుంచి వండే దాకా ఐసులోనే ఉంచాలి. పెళ్లిళ్ల తర్వాత కడుపు చెడిందంటే చాలాసార్లు బయట పెట్టిన రొయ్యలో, ఎండలో మిగిలిన పెరుగో కారణం.

తాంబూలం సంచిలో తాపేశ్వరం మడతకాజా రెండు రోజులైనా నిలుస్తుంది. ఆత్రేయపురం పూతరేకులు పెట్టాలనుకుంటే అట్టపెట్టెలో పెట్టండి. బెల్లంవి తేమకి త్వరగా మెత్తబడతాయి కనుక ముందురోజు తెప్పించి మూత తీయకుండా ఉంచండి.

రిజిస్ట్రేషన్

హిందూ వివాహ చట్టం కింద నమోదు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో అవుతుంది. పెళ్లి జరిగిన చోటుగానీ, ఇద్దరిలో ఒకరు ఉండే చోటుగానీ ఏ కార్యాలయం పరిధిలో ఉంటే అక్కడికి వెళ్లాలి. తీసుకెళ్లాల్సినవి: శుభలేఖ, మాంగల్యధారణ ఫోటో, ఇద్దరి ఆధార్, పుట్టిన తేదీకి పదో తరగతి సర్టిఫికెట్, పాస్‌పోర్టు సైజు ఫోటోలు, ఆధార్‌తో ముగ్గురు సాక్షులు. మాంగల్యధారణ ఫోటోలో ఇద్దరి ముఖాలూ కనపడాలని ఫోటోగ్రాఫర్‌కి ముందే చెప్పండి. సూత్రం ముడి మీదే కెమెరా పెట్టి తీసిన అందమైన ఫోటో ఇక్కడ పనికిరాదు. గుళ్లో పెళ్లయితే దేవస్థానం రసీదు కూడా దాచండి.

వీసా కోసమని పెళ్లికి నెల ముందే ‘కాగితం పెళ్లి’ రిజిస్టర్ చేయించుకోవడం కొందరు చేస్తారు. వద్దు. సప్తపది వంటి వివాహ క్రతువు జరగకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్‌తో హిందూ వివాహం చెల్లదని సుప్రీంకోర్టు 2024లో స్పష్టంగా చెప్పింది. క్రతువు లేకుండా చట్టప్రకారం ముందు పెళ్లి కావాలంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. దానికి ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో 30 రోజులు నివాసం ఉండాలి, నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. వేర్వేరు మతాల జంటకి సరైన దారి ఇదే.

మామూలు హనీమూన్ దేశాలకి పెళ్లి సర్టిఫికెట్ అడగరు. యూరప్ వీసాకి, కొన్ని హోటళ్ల హనీమూన్ సదుపాయాలకి పనికొస్తుంది. నకలు ఒకటి దగ్గర పెట్టుకోండి.

వీసాలు, గోరింటాకు

నిబంధనలు తరచు మారతాయి కాబట్టి టికెట్టు కొనే రోజున ఆ దేశపు అధికారిక సైటు చూసి తీరాలి. ఇది రాసే వేళకి మనకి తేలిగ్గా ఉన్నవి: మాల్దీవులు దిగగానే 30 రోజులు ఉచితం, మారిషస్‌కి వీసా అక్కర్లేదు, మలేసియా 2026 డిసెంబర్ 31 దాకా వీసా లేకుండా రానిస్తానంది. థాయ్‌లాండ్ 2024 జులైలో 60 రోజుల మినహాయింపు ఇచ్చింది, ఆ గడువు తగ్గించే మాట తరచు వినిపిస్తుంటుంది కనుక చూసుకోండి. బాలీకి దిగగానే వీసా 5 లక్షల రుపియాలు, దానికి తోడు పర్యాటక రుసుము లక్షా 50 వేలు, రెండూ మనిషికి. సింగపూర్‌కి ముందే వీసా కావాలి.

వీసా లేకపోయినా ఆన్‌లైన్ రాక కార్డు ఉంటుంది. థాయ్‌లాండ్, మలేసియా, సింగపూర్‌లకి దిగే ముందు మూడు రోజుల లోపు, మాల్దీవులకి 96 గంటల లోపు నింపాలి. ఈ నాలుగూ ఉచితమే. డబ్బు అడిగే సైటు కనపడితే అది నకిలీదని అర్థం.

యూరప్ షెంగెన్ వీసాకి (చాలా యూరప్ దేశాలకి కలిపి ఒకటే వీసా) ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. 2024 జూన్ నుంచి రుసుము 90 యూరోలు, 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. వేలిముద్రలకి హైదరాబాద్ వెళ్లాలి. మూడు నెలల ముందే వెళ్లండి. పెళ్లి దగ్గరపడ్డాక వెళ్తే గోరింటాకు అడ్డొస్తుంది: వేలికొసల మీద ముదురు రంగున్నా గీతలున్నా యంత్రం ముద్ర చదవదు. కొన్ని దేశాల్లో దిగగానే కూడా వేలిముద్ర తీసుకుంటారు. అందుకని మెహందీ పెట్టేవాళ్లకి పది వేళ్ల కొసలూ వదిలేయమని చెప్పండి.

ఇంకో విషయం అమ్మాయిలు చివరిదాకా వాయిదా వేస్తారు. నెలసరి తేదీ ముహూర్తానికో ప్రయాణానికో తగిలేలా ఉంటే నెల ముందే గైనకాలజిస్టుని కలవండి. నెలసరి వాయిదా మాత్రలు అనుకున్న తేదీకి సుమారు మూడు రోజుల ముందు మొదలుపెట్టాలి, రక్తం గడ్డకట్టే సమస్య ఇంట్లో ఎవరికున్నా డాక్టరుకి చెప్పాలి. అదే రోజు గర్భనిరోధం గురించి ఇద్దరూ కలిసి మాట్లాడండి.

పెట్టెలో ఏం పెట్టాలి, ఏం తీసేయాలి

అమ్మ సర్దిన పెట్టెని ఒకసారి విప్పి చూడండి. ఎండుకొబ్బరి విమానంలో తీసుకెళ్లకూడదు, దానంతటదే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది. కోనసీమ నుంచి వెళ్లేవాళ్లు ఇది మరీ చూసుకోవాలి. గసగసాలు యూఏఈ, సింగపూర్‌లలో మాదకద్రవ్యం కింద లెక్క. ఇంట్లో దంచిన మసాలా పొడిలో అవి ఉన్నాయేమో అడగండి. ఆవకాయ చేతిసంచిలో వద్దు, పెద్ద పెట్టెలో రెండు కవర్లు చుట్టి పెట్టండి. మాల్దీవులకి పూజా విగ్రహాలు, మద్యం తీసుకెళ్లకూడదు. సింగపూర్, థాయ్‌లాండ్‌లకి ఈ-సిగరెట్లు వద్దు. నిద్రమాత్రలకీ గట్టి నొప్పి మందులకీ డాక్టరు చీటీ వెంట ఉండాలి, దుబాయ్ వెళ్తే మరీ.

బంగారం లాకర్లో పెట్టండి. మంగళసూత్రం, ఉంగరాలు, చెవులవి చాలు. పెద్ద నగలు తీసుకెళ్లి తీరాలంటే వెళ్లేటప్పుడే విమానాశ్రయం కస్టమ్స్ దగ్గర చూపించి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు అవి ఇక్కడివేనని రుజువు చేసుకోవాల్సి వస్తుంది. సూత్రాలు ఇంకా పసుపుతాడు మీదే ఉంటే మరో రెండు తాళ్లు, ఒక పసుపుకొమ్ము వెంట ఉంచుకోండి. ఉప్పునీటికి తాడు ముడి వదులవుతుంది. సముద్రంలో దిగేరోజు గదిలోని లాకర్లో పెట్టి వెళ్లడం క్షేమం. స్కూబా డైవింగ్ చివరిరోజు పెట్టుకోకండి, డైవ్‌కీ విమానానికీ మధ్య 18 గంటలు ఉండాలి.

ఇక్కణ్నుంచి విమానం దాకా

మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం) నుంచి హైదరాబాద్ వెళ్లి అక్కడ అంతర్జాతీయ విమానం ఎక్కడం ఒక దారి. రెండూ ఒకే టికెట్టు మీద కొంటే మొదటిది ఆలస్యమైనా బాధ్యత విమాన సంస్థది, సామాను కూడా నేరుగా వెళ్తుంది. విడివిడిగా కొంటే లోపలి విమానంలో సాధారణంగా 15 కిలోలే, పెళ్లి బట్టల పెట్టెకి అది సరిపోదు. రైలైతే కాకినాడ, రాజమండ్రిల నుంచి గౌతమి, భీమవరం వైపు వాళ్లకి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్. ఏదైనా విమానం రోజు ఉదయం కాకుండా ముందురోజు ఉదయం హైదరాబాద్‌లో దిగేలా ఎక్కండి. సింగపూర్ మీదుగా వెళ్లేవాళ్లు విశాఖ నుంచి వెళ్లే విమానం కూడా చూడండి, రాజమండ్రి నుంచి విశాఖ 190 కిలోమీటర్లే.

డబ్బు

నోట్ల రూపంలో విదేశీ డబ్బు మనిషికి 3,000 డాలర్ల దాకా తీసుకెళ్లొచ్చు, హనీమూన్‌కి 300 చాలు. మిగతాది ఫారెక్స్ కార్డులో, అంటే విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డులో. మామూలు క్రెడిట్ కార్డుకి ప్రతి ఖర్చు మీద 2 నుంచి 3.5 శాతం దాకా అదనంగా పడుతుంది. దుకాణంలో యంత్రం ‘రూపాయల్లో చెల్లిస్తారా’ అని అడిగితే కాదని, ఆ దేశపు డబ్బే ఎంచుకోండి. రూపాయలంటే వాళ్లు వేసే మారకపు రేటు మనకి నష్టం. మారిషస్, శ్రీలంకల్లో 2024 ఫిబ్రవరి నుంచి యూపీఐ నడుస్తోంది, బయల్దేరే ముందు యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపులు తెరిచి ఉంచాలి.

టూర్ కంపెనీ ప్యాకేజీ మీద టీసీఎస్ (అమ్మేవాళ్లు మన దగ్గర ముందే తీసుకుని ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) వసూలు చేస్తుంది. అది పోయే డబ్బు కాదు, ఐటీ రిటర్నులో సర్దుబాటు అవుతుంది. అందుకే బిల్లు ఎవరి పాన్ మీద వేయించాలో ముందే అనుకోండి: రిటర్ను వేసేవాళ్ల పాన్ ఇవ్వండి, పన్ను కట్టని నాన్నగారి పాన్ ఇస్తే వాపసు కోసం ఆయన విడిగా రిటర్ను వేయాలి.

తిరిగొచ్చాక

అమ్మాయి పేరు మార్చుకోవాలనుకుంటే ఇప్పుడు మొదలుపెట్టండి. ముందు ఆధార్, తర్వాత పాన్, బ్యాంకు, చివర పాస్‌పోర్టు. పేరు మార్చకుండా భర్త పేరు చేర్చడానికైనా పాస్‌పోర్టు తిరిగి జారీ చేయించుకోవాలి, అందుకు పెళ్లి సర్టిఫికెట్ అసలు ప్రతి తీసుకెళ్లండి. పాత పాస్‌పోర్టులో గడువున్న వీసా ఉంటే ఆ పుస్తకం పారేయకుండా కొత్తదానితో జతచేసి ఉంచండి. టూర్ కంపెనీ వసూలు చేసిన టీసీఎస్ మొత్తం ఐటీ శాఖ సైటులో మీ పాన్ మీద కనిపించే పన్ను లెక్కలో పడిందో లేదో రిటర్ను వేసేముందు చూసుకోండి, పడకపోతే బిల్లు కాపీతో వాళ్లకి రాయండి.